గింజ ఏం అడుగుతోంది?

శంఖుపూల గింజలు ఒక పది తీసుకుని గిన్నెలో వేసి, రాత్రి పడుకోబోయే ముందు నీళ్ళు పోసి పెట్టండి. పొద్దున్నే చూస్తే కొన్ని ఉబ్బి మెత్తబడి ఉంటాయి. మిగతావి వేసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే, చిన్న గులకరాళ్ళలా ఉంటాయి. గోరుతో నొక్కినా దిగదు. కొత్తగా మొక్కలు పెంచేవాళ్ళు ఆ ఉబ్బని గింజల్ని పనికిరానివనుకుని పారబోస్తారు. మొదటి ఏడాది నేనూ అలాగే కుళాయి పక్కన పారబోశాను. తొలకరి పడ్డాక వాటిలో రెండు మొలిచి, ప్రహరీ గోడ పట్టుకుని పాకి, దసరా నాటికి నీలంగా పూశాయి.

ఆ గింజల్లో ప్రాణం పోలేదు. నీళ్ళు లోపలికి వెళ్ళలేదు, అంతే. ఈ తేడా తెలిస్తే గింజ నుంచి పూలమొక్క పెంచడంలో సగం పని తెలిసినట్టే.

ముందు మాట స్పష్టంగా చెప్పుకుందాం. బంతి మొలుస్తుంది, పూస్తుంది, గింజ కడుతుంది, నాలుగైదు నెలల్లో దాని బతుకు అయిపోతుంది. అది ఏకవార్షికం. ఒకసారి వేళ్ళూనితే ఏళ్ళ తరబడి ఉండి, ప్రతి ఏడూ పూసేది బహువార్షికం. మన ఇళ్ళ ముందు కనిపించే పూలమొక్కలు చాలామటుకు ఈ రెండో రకమే. మల్లె, మందారం, గన్నేరు, నందివర్ధనం, కనకాంబరం, డిసెంబరు పూలు, పారిజాతం. అయితే మన పెద్దవాళ్ళు వీటిలో చాలావాటిని గింజ వేసి పెంచలేదు. పక్కింటి నుంచి కొమ్మ తెచ్చి గుచ్చారు. మల్లె తీగను వంచి మట్టిలో అంటు తొక్కారు. చేమంతికి పిలకలు విడదీసి నాటారు.

దీనికి కారణం ఉంది. ముద్దపువ్వుల్లో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి. పుప్పొడి ఇచ్చే భాగమే రేకై పోతే గింజ ఎక్కణ్ణుంచి వస్తుంది? ముద్దనందివర్ధనం ఏళ్ళ తరబడి పూసినా కాయ కనబడకపోవడం అందుకే. కనకాంబరంలో ఇంకో చిక్కుంది. నాటు కనకాంబరం చక్కగా గింజ కడుతుంది. ఢిల్లీ కనకాంబరం అని నర్సరీల్లో అమ్మేది మాత్రం కట్టదు. దాని కణాల్లో క్రోమోజోములు మూడు వరుసలుగా ఉంటాయి. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు వాటిని రెండు సమాన భాగాలుగా పంచడం కుదరదు, అందుకని గింజ పడదు. మనం తినే అరటిపండులో గింజ లేకపోవడం వెనకా ఇలాంటి లెక్కే ఉంది. కాబట్టి ఢిల్లీ కనకాంబరం కావాలంటే కొమ్మే దారి. గింజ కోసం దాని వెన్నుల్ని ఎన్నాళ్ళు వెతికినా దొరకదు.

మొదటిసారి గింజ వేసేవాళ్ళకి నేను నాలుగు మొక్కలు చెబుతాను: శంఖుపువ్వు, చంద్రకాంత, బిళ్ళగన్నేరు, నాటు కనకాంబరం. నాలుగూ మన ఎండకి తట్టుకుంటాయి. గింజలు కొనక్కర్లేదు, ఏ వీధిలోనైనా అడిగితే ఇస్తారు. పైగా ఈ నాలుగు గింజలూ నాలుగు రకాల స్వభావం ఉన్నవి. వీటిని మొలిపించడం వచ్చిందంటే అడీనియం, రత్నగంధి, పారిజాతం జోలికి ధైర్యంగా వెళ్ళొచ్చు.

కొమ్మ గుచ్చితే నెలలో మొక్క వచ్చేదానికి గింజతో ఇంత అవస్థ ఎందుకు అని అడగొచ్చు. అడీనియం చూడండి. గింజ నుంచి వచ్చిన మొక్కకి మొదలు కుండలా ఉబ్బుతుంది. ఆ మొక్క అందమంతా అక్కడే ఉంది. కొమ్మ నుంచి వచ్చినదానికి ఆ బొజ్జ అంత బాగా రాదు. రెండోది, ఒక్క కాయలోంచి వచ్చిన మొక్కలైనా అన్నీ ఒక్కలా ఉండవు. చంద్రకాంతలో ఎరుపు, పసుపు, తెలుపు, చారలు, ఒకే చెట్టు మీద రెండు రంగులు, ఏది వస్తుందో పూసేదాకా తెలియదు. మెండెల్ వంశపారంపర్య సూత్రాలను 1900లో మళ్ళీ వెలుగులోకి తెచ్చినవాళ్ళలో ఒకరైన జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ కోరెన్స్, ఈ చంద్రకాంత మీదే ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఆకుల్లో తెలుపు, ఆకుపచ్చ మచ్చలున్న మొక్కను తీసుకుని, పచ్చకొమ్మ మీది గింజలు పచ్చమొక్కల్నే, తెల్లకొమ్మ మీది గింజలు తెల్లమొక్కల్నే ఇస్తాయని 1909లో చూపించాడు. పుప్పొడి ఏ కొమ్మ నుంచి వచ్చినా ఆకు రంగు మాత్రం తల్లి కొమ్మదే. పత్రహరితం ఉండే రేణువులు అండం ద్వారా తల్లి వైపు నుంచే వస్తాయని తర్వాత తేలింది. మన పెరటి చంద్రకాంతకి అంత చరిత్ర ఉంది.

ఇక గింజ సంగతికి వద్దాం. రైతుకి బాగా తెలిసిన భయం ఒకటుంది. తొలకరి నాలుగు చినుకులు చూసి విత్తనం వేస్తాడు. మొలక వస్తుంది. తర్వాత పదిహేను రోజులు బెట్ట. మొలకంతా మాడిపోతుంది, మళ్ళీ విత్తనం కొనాలి. అడవిలో మొక్కకి మళ్ళీ కొనే అవకాశం లేదు. అందుకే అది తన గింజలన్నీ ఒక్క వానకే మొలవకుండా చూసుకుంటుంది. కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు, కొన్ని ఆపై ఏడు. శంఖుపువ్వు గింజ పైతోలు నీటిని రానివ్వని మైనపు గోడలాంటిది. ఎండకి కాగి, చలికి ముడుచుకుని, మట్టిలో రాసుకుని ఎక్కడో ఒకచోట బీట వేసినప్పుడే నీరు లోపలికి పోతుంది. గిన్నెలో నానని ఆ గింజలు నేలలో నిలవ ఉంచిన విత్తనం లాంటివి.

ఈ ఓపిక ఎంతదాకా పోతుందో చూపే ప్రయోగం ఒకటి ఇంకా నడుస్తోంది. 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 21 రకాల మొక్కల గింజలు, సీసాకి రకానికి 50 చొప్పున ఇసుకలో కలిపి, 20 సీసాల్లో పోసి భూమిలో పాతిపెట్టాడు. కొన్నేళ్ళకొకటి తవ్వి తీసి మొలిపించి చూస్తున్నారు. 2021లో తీసిన సీసాలోంచి కూడా కొన్ని మొలకలు వచ్చాయి. పాతినవాడు ఎప్పుడో పోయాడు, గింజ మాత్రం బతికే ఉంది. చివరి సీసా 2100లో తీయాలి. మనం వారం రోజులు చూసి కుండీ గుమ్మరించేస్తాం.

శంఖుపువ్వుకి బీట మనమే వేయాలి. గరుకు కాగితం మీద గింజను నాలుగుసార్లు రుద్దితే చాలు. లేదా గోళ్ళు తీసుకునే కట్టర్‌తో పైతోలు మీద కొసన చిన్న గంటు పెట్టండి. కాయకి అంటుకుని ఉండే కన్ను వైపు పెట్టకండి, మొలక అక్కణ్ణుంచే వస్తుంది. గంటు పెట్టిన చోట లోపలి తెలుపు కనిపించగానే ఆపేయాలి. తర్వాత రాత్రంతా నానబెడితే దాదాపు అన్నీ ఉబ్బుతాయి. ఒక సెంటీమీటరు లోతున పెడితే వారం పది రోజుల్లో మట్టి చీల్చుకుని వస్తాయి. రత్నగంధికీ ఇదే పద్ధతి.

చంద్రకాంత గింజ మిరియంలా నల్లగా, ముడతలు పడి ఉంటుంది. చూడ్డానికి గట్టిదే అయినా ఇది అంత పట్టుదల మనిషి కాదు. ఒక రాత్రి నానబెట్టి, ఒకటి రెండు సెంటీమీటర్ల లోతున పెడితే రెండు వారాల్లోపు వస్తుంది. పిల్లల చేత మొదట వేయించాల్సింది ఇదే అనుకుంటాను, ఎందుకంటే మొలక లావుగా, కంటికి ఆనేలా వస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది, అది తర్వాత చెబుతాను.

బిళ్ళగన్నేరు అడిగేది వేరు. దానికి చీకటి కావాలి. పెటూనియా గింజ వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది. బిళ్ళగన్నేరు అందుకు ఎదురు. నల్లగా సన్నగా ఉండే ఆ గింజల్ని మట్టి మీద చల్లి వదిలేసి, మొలవలేదని బాధపడేవాళ్ళని చాలామందిని చూశాను. అర సెంటీమీటరు మందాన సన్నమట్టి కప్పి, నీళ్ళు చిలకరించి, పైన తడి గోనెసంచి పరవండి. ఐదో రోజు నుంచి రోజూ ఎత్తి చూడండి. మొదటి మొలక తల కనిపించిన రోజే గోనె తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు వెలుతురు కోసం తెల్లగా సాగిపోయి, నిలబడలేక వాలిపోతాయి.

కనకాంబరానికి తాజాదనం ముఖ్యం. పోయినేడాది గింజకంటే పోయిన వారం గింజ నయం. మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అన్నీ ఒకేసారి రావు. మొదటి మొలక వచ్చాక కూడా నెల రోజులు ఆ కుండీని కదపకండి.

వ్యవసాయంలో రెండు మాటలున్నాయి, అదను, పదును. అదను అంటే వేసే కాలం. పదును అంటే మట్టిలో సరైన తడి. కుండీలో గింజ వేసేవాళ్ళకీ ఈ రెండు మాటలే ఆధారం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండల్లో మేడ మీద కుండీ మట్టి పొద్దున తడిపితే మధ్యాహ్నానికి పేలాలు వేయించొచ్చు అన్నట్టు ఉంటుంది. అప్పుడు వేయకండి. జూన్ మొదటి వారం దాటాక మృగశిర వస్తుంది, గాలిలో తేమ చేరుతుంది. అదే మంచి అదను. రెండో అదను చలి తగ్గే ఫిబ్రవరి. బిళ్ళగన్నేరుకైతే అది ఇంకా బాగుంటుంది. ఎండలు ముదిరేలోపు వేరు పట్టేస్తుంది, వేసవంతా పూస్తుంది.

పదును దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. నీళ్ళు తక్కువై చచ్చే మొలకలు కొన్నే. ఎక్కువై చచ్చేవే చాలా. మట్టిని గుప్పిట్లో గట్టిగా పిసికి చూడండి. ముద్ద కట్టాలి, వేళ్ళ మధ్య నుంచి నీరు కారకూడదు, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. అది పదును. నారు పోయడానికి సగం కోకోపీట్, పావు వంతు జల్లించిన వర్మికంపోస్టు, పావు వంతు ఇసుక నాకు బాగా కుదిరింది. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కనుక రెండు మూడుసార్లు కడిగి పిండాలి. పచ్చి పేడ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, చివికి నల్లబడిన ఎరువైతేనే. పెరుగు డబ్బాలు, కాగితం టీ కప్పులు అన్నీ పనికొస్తాయి, అడుగున చిల్లులుంటే.

నారుకుళ్ళు తెగులు ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూస్తే మరిచిపోరు. సాయంత్రం అరవై మొలకలు పచ్చగా నిలబడి ఉన్నాయి. తెల్లారి చూస్తే ఒక మూల పదిహేను పడిపోయి ఉన్నాయి. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి, వాడలేదు. వంగి చూస్తే మట్టిని ఆనుకున్న చోట కాడ నీళ్ళు పట్టి, దారమంత సన్నబడి నల్లగా ఉంది. మర్నాటికి ఆ మూల నుంచి గుండ్రంగా మిగతావీ పడిపోతూ వస్తాయి. మట్టిలో ఉండే బూజుజాతి జీవుల పని ఇది. వాటికి కావాల్సింది ఎప్పుడూ తడిగా ఉండే మట్టి, ఒత్తుగా ఉండే నారు, గాలి ఆడకపోవడం. పట్టుకున్నాక చేయగలిగింది పెద్దగా లేదు, రాకముందే చూసుకోవాలి. గింజలు పలచగా వేయండి. నారు మట్టిని ముందుగా తడిపి, ప్లాస్టిక్ కాగితం కప్పి, వేసవి ఎండలో మూడు నాలుగు వారాలు ఉంచితే చాలావరకు శుభ్రపడుతుంది. నీళ్ళు పైనుంచి పోయకుండా, డబ్బాను నీళ్ళ పళ్ళెంలో పెట్టి, మట్టి పైభాగం తడి రంగు తిరగగానే తీసేయండి. ట్రైకోడెర్మా అనే మేలుచేసే బూజు పొడి కలిపిన ఎరువు ముందే వేస్తే అదీ కాపు కాస్తుంది.

మొదట వచ్చే రెండు ఆకులు గింజలో దాచుకున్నవి. ఆ మొక్క ఆకుల్లా ఉండవు. అసలు ఆకులు నాలుగు వచ్చాక కుండీలోకి మార్చండి. మార్చేటప్పుడు కాడ పట్టుకోకండి, ఆకు పట్టుకోండి. ఆకు పోతే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. సాయంత్రం పూట నాటి, వారం రోజులు నీడలో ఉంచి, మెల్లగా ఎండ అలవాటు చేయాలి. ఆరు అంగుళాలు పెరిగాక కొన తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. కొమ్మలు పెరిగితే పూలూ పెరుగుతాయి కదా.

ఇక్కణ్ణుంచి బహువార్షికాలకు వేరే ఓపిక కావాలి. శంఖుపువ్వు రెండు నెలల్లో పూయొచ్చు. బిళ్ళగన్నేరుకి మూడు నాలుగు నెలలు. పారిజాతం అయితే ఏళ్ళ లెక్క. ఏకవార్షికానికి ఉన్నదంతా పువ్వులో పెట్టేయాలన్న తొందర ఉంటుంది. ఏళ్ళు బతికే మొక్క మొదట వేరులో దాచుకుంటుంది. పైన ఏమీ జరగట్లేదని ఎరువు మీద ఎరువు వేయడం తప్పు. ఆకులు ఏపుగా వస్తాయి, పూలు రావు, ఆ లేత ఆకులకి పిండినల్లి పడుతుంది.

చంద్రకాంత దగ్గర ఈ పాఠం నాకు గట్టిగా తగిలింది. మొదటి వేసవిలో మేము పది రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి మొక్క కర్రలా ఎండిపోయి ఉంది. పీకేద్దామని పట్టుకుంటే రాలేదు. గునపం పెట్టి తవ్వితే ముల్లంగి అంత దుంప, నల్లటి తోలుతో. గునపం తగిలి దాని పక్క తెగింది, తెగిన చోట పాలలా తెల్లగా, తడిగా ఉంది. పైన చచ్చిన మొక్క కింద అంత నీరు దాచుకుని ఉంది. తెగిన చోట బూడిద అద్ది, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, మళ్ళీ పాతాను. మృగశిర వానకి మూడు చోట్ల చిగురు వేసింది. అప్పటి నుంచి ఏ బహువార్షికమైనా పైన ఎండితే, నేలకి రెండు అంగుళాల పైన కోసేసి, ఒక వానాకాలం గడిచేదాకా ఆ కుండీని ముట్టుకోను.

అయితే ఏళ్ళ తరబడి ఉండడమనేది మొక్క ఒక్కదాని చేతిలో లేదు. మన దగ్గర ఏళ్ళ తరబడి పూసే బిళ్ళగన్నేరు షికాగోలో ఒక్క వేసవి మొక్క, మొదటి మంచుకి నల్లబడిపోతుంది. అక్కడి తెలుగువాళ్ళు శంఖుపువ్వును కుండీలో పెంచి చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవాలి. చంద్రకాంత దుంపనైతే తవ్వి, ఆరబెట్టి, మంచు తగలని చోట దాచి వసంతంలో నాటొచ్చు. అదే చోట ఎకినేషియా లాంటి అక్కడి మొక్కల గింజలకి చలి తగలడమే తాళంచెవి. చలికాలం పోయిందని రూఢి అయ్యాకే అవి మొలుస్తాయి. అందుకే తడి ఇసుకలో కలిపి నెల, నెలన్నర ఫ్రిజ్‌లో ఉంచి వేస్తారు, లేదా ఖాళీ పాల డబ్బాల్లో వేసి మంచులోనే బయట పెట్టేస్తారు. లావెండర్ గింజలకీ ఈ చలి మేలు చేస్తుంది. పాకెట్ మీద బొమ్మ చూసి విజయవాడలో లావెండర్ వేయాలనుకునేవాళ్ళకి ఒక మాట. ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించవచ్చు. కానీ ఉక్కపోతా వేడీ కలిసిన మన వేసవి దానికి పడదు. ఆ శ్రద్ధ కనకాంబరం మీద పెడితే పదేళ్ళు జడలో పూలుంటాయి.

చంద్రకాంత గురించి చెబుతానన్న జాగ్రత్త ఇది. దాని గింజలు, దుంప విషం. గింజ మిరియంలా ఉంటుంది కనుక చిన్నపిల్లలు నోట్లో వేసుకునే ప్రమాదం ఎక్కువ. బిళ్ళగన్నేరు, అడీనియం కూడా విషమే. పచ్చగన్నేరు గింజైతే ప్రాణాలు తీస్తుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని పెంచకండి. బిళ్ళగన్నేరు ఆకు నమిలితే షుగరు తగ్గుతుందని చెప్పుకోవడం ఈనాటికీ వింటున్నాం. ఆ నమ్మకం మీదే కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరిశోధన మొదలుపెట్టారు. ఆకు రసానికి ఎలుకల్లో చక్కెర తగ్గలేదు, తెల్లరక్తకణాలు పడిపోయాయి. దాంట్లోంచే 1958లో క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ దొరికింది. శుద్ధిచేసి, కొలిచి, డాక్టరు నరంలోకి ఎక్కిస్తే అది మందు. పెరట్లో ఆకు తెంపి నమిలితే రక్తాన్ని దెబ్బతీసే పదార్థం. దయచేసి చేయకండి.

మొక్క నిలిచాక తర్వాతి గింజ మీ ఇంట్లోనే దొరుకుతుంది. బిళ్ళగన్నేరు పువ్వు రాలాక జంట కాయలు సన్నగా నిలబడతాయి. అవి పచ్చదనం పోయి పసుపు తిరిగినప్పుడే కోయాలి, చీలాయంటే గింజలు మట్టిపాలు. శంఖుపువ్వు కాయ గోధుమరంగు తిరిగి, ఊపితే గలగలమన్నప్పుడు కోయండి. నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, పొట్లం మీద పేరు, నెల, ఏడాది రాయండి. సీసాలో వేసి, అడుగున గుప్పెడు పొడి బూడిద మూటగా కట్టి పెడితే తేమ లాగేస్తుంది.

కనకాంబరం గింజ పట్టుకోవడం మాత్రం ఒక విద్య. చిన్నప్పుడు చిటపట కాయలు ఉమ్మితో తడిపి, అరచేతిలో పెట్టుకుని పేల్చినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, రెండూ ఒకే కుటుంబం మొక్కలు. పూలన్నీ అయిపోయి వెన్ను ఎండాక, ఒక్కో కాయలో నాలుగు గింజలు బిగించి ఉంటాయి. నీటి చుక్క తగిలిన కాసేపటికి కాయ రెండుగా చీలి గింజల్ని దూరంగా విసిరేస్తుంది. వాన వచ్చిన రోజే గింజ నేల మీద పడాలని ఆ ఏర్పాటు. అందుకని వాన పడకముందే ఎండిన వెన్నులు కోసుకోవాలి. ఒక పెద్ద బేసిన్‌లో వెన్నులు పరిచి, చేత్తో నీళ్ళు చిలకరించి, వెంటనే పాత చీర ముక్క కప్పేయండి. అర నిమిషం ఏమీ ఉండదు. తర్వాత ఒకటి పేలుతుంది, ఇంకోటి, ఆపైన గుడ్డ కింద చిటపటమని వరసగా. చప్పుడు ఆగాక గుడ్డ తీసి, గింజలు ఏరి, ఆ సాయంత్రమే మట్టిలో పెట్టేయండి.